మూడు గేర్ల పర్లేదు

తొమ్మిదో వారం

పోయిన వారం మన రఫ్ఫమ్మను డ్రైక్లీనింగ్ షాపు మెట్ల మీద, కొత్త కళ్ళద్దాలతో, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, అప్పటినుంచీ అలాగే నిలబడి ఉంది. ఆమెను లోపలికి పంపేముందు, ఈ వారమే మనలో వచ్చి కలిసినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం.

ఆమె చేసేది రఫ్ఫు పని. కోటుకు పురుగు కొట్టినా, ప్యాంటు మేకుకు తగులుకుని చిరిగినా, అదే బట్ట లోపలి మడతలోంచి దారాలు లాగి, చిరిగినచోట ఒక్కో పోగూ కిందికీ మీదికీ నేసి, అక్కడ అసలు చిరగనే లేదేమో అనిపించేలా చేస్తుంది. అందుకే వీధిలో చిన్నా పెద్దా అందరికీ రఫ్ఫమ్మ. నోట్లో నాలుక లేని మనిషి అంటారు గానీ, నాలుక ఉంది. దానికి అలవాటైన మాటే ఒక్కటి. పర్లేదు. కూర్చుంటారా అంటే పర్లేదు, నిలబడతారా అన్నా పర్లేదు. ఆఖరికి కళ్ళ పరీక్షలో కూడా, అద్దం మార్చి మార్చి "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అని అడిగిన ప్రతిసారీ పర్లేదు, పర్లేదు అనుకుంటూ పోయి, ఆరేళ్ళపాటు తనకు సరిపడని అద్దాలు పెట్టుకుని తలనొప్పులతో నెట్టుకొచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణానికి కొత్తగా వచ్చిన కళ్ళద్దాలావిడ ఆ గుట్టు పట్టేసింది. "ఈ నెలంతా ఆ మాట మీ నోట రాకూడదు. కావాలంటే కావాలనండి, వద్దంటే వద్దనండి" అని మాట తీసుకుని మరీ కొత్త అద్దాలు చేతికిచ్చింది.

ఆ అద్దాలతో షాపు మెట్లెక్కుతుంటే గాజుతలుపు మీద కాగితం కనపడింది. "రఫ్ఫు పని బాగా వచ్చి, నలుగురికీ నేర్పగల మనిషి కావలెను." ఇరవై రెండేళ్ళుగా ఆ షాపులో రఫ్ఫు అంటే ఈమె ఒక్కతే. మరి ఎవరి కుర్చీలోకి మనిషి కావాలి?

సరే, ఇప్పుడు తలుపు తోసుకుని లోపలికి వెళ్దాం.

లోపల ప్రెస్సు మిషను బుసలు కొడుతోంది. ఉతికి ఆరిన బట్టలు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని పైకమ్మీకి వరసగా వేలాడుతున్నాయి. ఓనరమ్మ కౌంటరు దగ్గర నిలబడి, పెదాల మధ్య రెండు పిన్నులు పెట్టుకుని, ఒక గౌనుకు నంబరు చీటీ గుచ్చుతోంది.

"అమ్మగారూ, తలుపు మీద ఆ కాగితం..."

"ఇవాళ కనపడిందా?" అంది ఓనరమ్మ, పిన్నులు తీసి. "అంటించి నాలుగు రోజులైంది. రోజూ దాని పక్కనుంచే వెళ్తున్నావు. ఏమీ అనకపోతే, చూసీ చూడనట్టు ఊరుకున్నావనుకున్నా."

"నన్ను మానేయమంటున్నారా?"

"నీకేమన్నా మతి పోయిందా? నువ్వు మానేస్తే నేను షాపు మూసుకోవాలి. ఆ కాగితం పైగదికమ్మా. మధ్యాహ్నాలు అక్కడ రఫ్ఫు నేర్పిద్దామని. ఆరుగురు పేర్లిచ్చారు కూడా. నేర్పే మనిషి లేదు."

"నేర్పే మనిషా? మరి నేను..."

"నిన్నే కదమ్మా ముందు అడిగింది! పోయిన నెలలో. నల్లకోటు మోచెయ్యి పట్టుకుని ఆ కిటికీ దగ్గర కూర్చున్నావు. పైగది నువ్వు చూసుకుంటావా, నీకెలా తోస్తే అలా నేర్పుకో అన్నాను. ఏమన్నావో గుర్తుందా?"

గుర్తులేకేం! ఆ మాట విన్నప్పుడు చేతిలో సూది కూడా ఆగిపోయింది. ఒళ్ళంతా సంతోషం. దారం కొరికి, తలెత్తి, మనసారా, నోరారా జవాబిచ్చింది. తన మటుకు తను ఎగిరి గంతేసినట్టే లెక్క.

"పర్లేదన్నాను" అంది ఇప్పుడు, నేలకేసి చూస్తూ.

"మరి! టీ తాగుతావా అంటే పర్లేదంటావు, తాగవు. ఫ్యాను వెయ్యనా అంటే పర్లేదంటావు, చెమటలు కక్కుతూ కూర్చుంటావు. ఇదీ అంతే అనుకున్నా."

"నేను సరేనన్నానమ్మగారూ. చేస్తాననే అన్నాను."

ఓనరమ్మ గౌను పక్కన పెట్టింది. ఆమె మాట కరుకేగానీ మనసు మెత్తన. "నాకూ అనుమానం రాకపోలేదు. అందుకే మీ ఆయనకు ఫోన్ చేశాను. ఆయనేమో, పర్లేదందా, ఎలా అంది, పొట్టిగా అందా, సాగదీసి అందా అని అడిగారు. ఇదెక్కడి గొడవరా బాబూ అనుకుని, పొట్టిగానే అంది అన్నాను. అయితే వద్దనే అర్థమండీ, మొహమాటానికి నోరు తెరిచి చెప్పదు, ఇంక బలవంతపెట్టకండి అన్నారు. సరే, ఇంటాయన అంత గట్టిగా చెప్పాక నాదేముంది?"

రఫ్ఫమ్మ కౌంటరు అంచు పట్టుకుంది.

"పోన్లే, ఇప్పుడు చెప్పు" అంది ఓనరమ్మ. "రేపు పొద్దున పదింటికి ఒకావిడ వచ్చి కలుస్తానంది. సాయంత్రం ఆరులోగా నువ్వు చెప్తే ఆవిణ్ణి రావద్దని ఫోన్ చేస్తా. ఆ మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాక మాత్రం వెనక్కి పంపలేను. నీకు కావాలా, వద్దా?"

కావాలి. రెండక్షరాలు కాదు, మూడు. అంతే. కానీ అలవాటైన మాట చల్లగా వచ్చి నాలుక చివర కూర్చుంది. కళ్ళద్దాలావిడకిచ్చిన మాట గుర్తొచ్చి దాన్ని గుటుక్కున మింగేసింది. మింగాక చూసుకుంటే నోట్లో ఇంకో మాట లేదు. ఇన్నేళ్ళుగా ఒక్కదానితోనే సరిపెట్టుకున్న మనిషికి అవసరానికి రెండోది ఎక్కణ్ణుంచి వస్తుంది? నీళ్ళు నములుతూ నిలబడి ఉండగానే ఒకాయన కాఫీ ఒలికిన సూటు పట్టుకుని హడావిడిగా వచ్చాడు. ఓనరమ్మ అటు తిరిగింది.

ఆ పూట రఫ్ఫమ్మ చెయ్యి పనిచేయలేదు. బూడిదరంగు శాలువాకు దారం లాగబోయి అంచులోది కాక నడిమధ్యది లాగింది. కొత్త పనివాళ్ళు చేసే తప్పది. దాన్ని మళ్ళీ సూదితో లోపలికి ఎక్కించేసరికి నాలుగున్నర దాటింది. ఐదయ్యేసరికి సంచీ భుజాన వేసుకుని, తలనొప్పిగా ఉందని అబద్ధం చెప్పి బయటపడింది. నిజానికి ఆరేళ్ళలో తలనొప్పి లేని మొదటి రోజది.

దారి పొడుగునా కోపం. ఆమెకు కోపం కొత్త. ఎక్కడ పెట్టుకోవాలో, ఎలా పట్టుకోవాలో తెలియలేదు. మొదట ఓనరమ్మ మీద వచ్చింది, రెండు సందులు దాటాక తన మీద తనకే వచ్చింది, మందుల షాపు మలుపు తిరిగేసరికి మొత్తం మూటకట్టుకుని వెళ్ళి మొగుడి మీద పడింది. పొట్టిగానా, సాగదీసా అట! నా మాటకు అర్థం చెప్పడానికి ఈయనెవరు?

ఈయనెవరంటే, డ్రైవింగ్ నేర్పే మాస్టారు. పక్కసీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు పెట్టించుకుని, ఎన్నో ఏళ్ళుగా జనాల ప్రాణాలు కాపాడుతున్న మనిషి. ఆ అలవాటుకొద్దీ ఇంట్లో కుర్చీలో కూర్చున్నా సరే, కంగారు పుట్టిందంటే కుడికాలు నేలను గట్టిగా నొక్కేస్తుంది. ఎవరినీ ఒక్క మాట విసుక్కుని ఎరగరు. గుద్దేసినవాణ్ణి కూడా "మళ్ళీ ప్రయత్నిద్దాం నాన్నా" అనే రకం. అలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో కోపం తెచ్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇల్లు రెండో అంతస్తులో. తలుపు తీసేసరికి వంటగదిలో మాస్టారు టీ కాస్తున్నారు. పొయ్యి మీద రెండు గిన్నెలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పిల్లి కుర్చీలో ముడుచుకుని పడుకుంది. కిటికీలోంచి సాయంకాలపు ఎండ బల్ల మీద సగందాకా వచ్చింది.

"ఏంటోయ్, ఇవాళ తొందరగా? అబ్బో, కొత్త అద్దాలు! బాగున్నాయి. నీకు నచ్చాయా?"

రఫ్ఫమ్మ చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి వంటగది మధ్యలో నిలబడింది.

"నా బదులు వద్దని మీరెందుకన్నారు?"

మాస్టారు చేతిలో గరిటె ఆగింది. కాపురంలో ఆయన వినని గొంతది. "ఏది వద్దన్నాను?"

"పైగది. క్లాసు. మా ఓనరమ్మ ఫోన్ చేస్తే, నాకు వద్దని చెప్పారట. ఇవాళ ఆరింటిలోగా చెప్పకపోతే వేరే ఆవిడకి ఇచ్చేస్తారట."

"అదా!" ఆయన మొహం తేటపడింది. పొయ్యి తగ్గించి, తుండుతో చేతులు తుడుచుకుని, పాఠం చెప్పే మనిషిలా నిలబడ్డారు. "అది నీ మంచికే చెప్పానే. నువ్వు పొట్టిగా అన్నావట కదా. నీ పర్లేదులో మూడు గేర్లున్నాయి. నీకు తెలీదుగానీ, నాకు తెలుసు. పొట్టిగా, పెదాలతో అన్నావనుకో, పర్లేదు, అంటే వద్దని. కొంచెం సాగదీసి, పర్లేదూ, అన్నావనుకో, అది ఇష్టమేనని. చివర లెండి తగిలించి, పర్లేదులెండి, అన్నావా, మనసు కష్టపడిందని. ఇన్నేళ్ళు పక్కసీట్లో కూర్చున్నవాణ్ణి, ఆ మాత్రం తెలీదా?"

ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. అది చూసేసరికి రఫ్ఫమ్మకు కోపం పెరగాలో తగ్గాలో తెలియలేదు. తనను ఎవరూ పట్టించుకోలేదనే కదా ఇందాకటినుంచీ ఉడికిపోతూ వచ్చింది! ఇక్కడేమో ఈయన తన ఒక్క మాటనూ అటు తిప్పి ఇటు తిప్పి ఇన్నేళ్ళు చదువుకున్నారు. చదువుకుని, తప్పు చదువుకున్నారు.

"పొట్టిగా ఎందుకన్నానో తెలుసా?" అంది. "నోట్లో దారం ఉంది."

మాస్టారు కుడికాలు నేలను నొక్కింది.

"దారమా?"

"కొరుకుతూ అన్నాను. అందుకని పొట్టిగా వచ్చింది. చేస్తాననే అన్నాను. ఎంత సంతోషంగా అన్నానో తెలుసా మీకు!"

మాస్టారు ఏం చేయాలో తోచనప్పుడు చేసే పనే చేశారు, టీ వడపోశారు. పెద్ద గిన్నెలోది తన కప్పులో, చిన్న గిన్నెలోది ఆమె కప్పులో. ఆమె కప్పును జాగ్రత్తగా ఆమె ముందుకు జరిపారు. రఫ్ఫమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కప్పు వంక చూసింది. ఎలాగూ నోరు తెరిచింది, ఇంకొకటి కూడా అడిగేద్దామనిపించింది.

"ఇందులో చక్కెర వేయండి."

"నీకా? నువ్వు చక్కెర తాగవు కదా!"

"తాగనని ఎవరన్నారు?"

"నువ్వే! పెళ్ళైన మూడో రోజు నేను మొదటిసారి టీ పెట్టాను. చక్కెర వేయడం మరిచిపోయాను. నేను తాగి మొహం వికారంగా పెట్టి, నీకెలా ఉందంటే పర్లేదూ అన్నావు. సాగదీసి! రెండో గేరు! ఓహో, మా ఆవిడకి ఇలాగే ఇష్టం అనుకున్నా. అప్పట్నుంచీ నీకోసం విడిగా కాస్తున్నానే. ఇరవై ఆరేళ్ళ నుంచి! మీ చెల్లెలింటికి వెళ్ళినా సరే, దానికి చక్కెర వేయకండి అని నేనే పరిగెత్తుకెళ్ళి చెప్తాను."

"మీరు అంత శ్రద్ధగా విడిగా కాస్తున్నారు కదా అని తాగుతున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది రఫ్ఫమ్మే. నవ్వుతూ నవ్వుతూ ఉండగా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కొత్త అద్దాలు మసకబారాయి. మాస్టారు గాభరాపడి చక్కెర డబ్బా తెచ్చి ఒకటి, రెండు, మూడు చెంచాలు వేశారు. నాలుగోది వేయబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"చాలు" అంది. అదొక కొత్త మాట. బాగానే ఉంది నోటికి.

ఒక గుక్క తాగి, కప్పు పక్కన పెట్టి, సంచీలో చెయ్యి పెట్టింది. అడుగునుంచి ఒక గుడ్డమూట తీసి బల్ల మీద విప్పింది. జేబురుమాలంత గుడ్డముక్కలు, ఇరవైకి పైగానే ఉన్నాయి. ఉన్ని, నూలు, పట్టు, గళ్ళది, చారలది. ప్రతిదానికీ మధ్యలో ఒక చిల్లు. ప్రతి చిల్లూ సగమే నేసి, మిగతా సగం వదిలేసి ఉంది. దారం ఎటునుంచి ఎటు వెళ్ళిందో తెలిసేలా ఒక్కోదానికి ఎర్రదారమో పచ్చదారమో వాడింది.

"ఏంటివి?" అన్నారు మాస్టారు.

"పాఠాలు."

"ఎవరికి?"

"ఎవరికో. ఎప్పటికో. ఎనిమిదేళ్ళ నుంచి చేస్తున్నాను. మధ్యాహ్నం తిన్నాక ఒక పావుగంట దొరుకుతుంది కదా, అప్పుడు." ఆమె గళ్ళ ముక్క ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. "నా పని సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. అందరి పనీ బాగా చేస్తే కనపడుతుంది. నాది బాగా చేస్తే కనపడకుండా పోతుంది. కోటు తీసుకెళ్ళే మనిషి వేలితో తడిమి, ఎక్కడ చిరిగిందో తెలీట్లేదే అని నవ్వి వెళ్ళిపోతాడు. మొదట్లో అదే నాకు గొప్పగా ఉండేది. ఈమధ్య ఉండట్లేదండీ. ఇరవై రెండేళ్ళు చేశాను, చూపించమంటే చూపించడానికి ఒక్కటి లేదు. ఎవరికైనా నేర్పితే, వాళ్ళ చేతిలో అయినా కనపడుతుంది కదా. ఆ గది నాకు కావాలి. నేను ఏదైనా కావాలనుకున్నానంటే అదొక్కటే."

ఇంత పొడుగు మాట ఆమె ఒక్కసారిగా మాట్లాడటం ఆ వంటగది ఎన్నడూ వినలేదు. పిల్లి కూడా ఒక కన్ను తెరిచి చూసింది.

మాస్టారు ఆ గుడ్డముక్కను వెలుతురుకేసి పట్టుకున్నారు. ఎర్రదారం గళ్ళలో కిందికీ మీదికీ మునుగుతూ తేలుతూ వెళ్ళి, సగంలో ఆగింది. చాలాసేపు చూశారు. ఆయన కనుబొమల్లో రెండు మూడు తెల్ల వెంట్రుకలు పొడుగ్గా ఉన్నాయి. గడ్డం కింద చిన్న గాటు, పొద్దున గీసుకున్నప్పటిది. ఇవేవీ ఆరేళ్ళుగా తనకు కనపడలేదు కదా అనుకుంది రఫ్ఫమ్మ. దగ్గరగా జరిగి ఆ గాటుకు మందు రాయాలనిపించింది. కోపంగా ఉన్నానన్న సంగతి గుర్తొచ్చి ఆగింది.

"నేను దారికడ్డంగా పడ్డానన్నమాట" అన్నారాయన మెల్లగా. "నువ్వు బండి తీసి కదలబోతుంటే, నా వైపు బ్రేకు తొక్కేశాను."

"నేనూ ఇండికేటరు వేయలేదు లెండి."

"వేయాలమ్మా. నేర్చుకునేవాళ్ళకి మొదటిరోజు చెప్పేది అదే" అని, గోడ గడియారం చూసి ఉలిక్కిపడ్డారు. "ఆరింటిలోగా అన్నావా? ఐదూ నలభై!"

ఫోను ఆయనే తెచ్చారు, నంబరు ఆయనే నొక్కారు. మోగుతుండగా, అలవాటుగా తన చెవికే పెట్టుకోబోయి, నాలుక్కరుచుకుని ఆమె చేతికిచ్చారు. ఇచ్చి ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నారు. కాలు నేలను నొక్కుతూనే ఉంది.

"హలో?" అంది అటువైపు ఓనరమ్మ. వెనక మిషను బుస.

"నేనమ్మగారూ. ఆ పైగది... నాకు కావాలి."

"ఏంటీ? ఈ మిషను గోలలో వినపడట్లేదు."

"నాకు కావాలండీ."

"గట్టిగా చెప్పమ్మా!"

"నాకు కావాలి!" అని అరిచింది రఫ్ఫమ్మ. "పైగది నాకు కావాలి! క్లాసు నేను చెప్తాను! ఆవిణ్ణి రావద్దనండి!"

ఎదురింటి కిటికీ ధడేల్మని తెరుచుకుంది. పిల్లి కుర్చీ దిగి బల్ల కిందికి పోయింది. ఫోనులో మిషను బుస ఆగింది. ఆ తర్వాత ఓనరమ్మ పకపకా నవ్వు.

"అలా చెప్పొచ్చు కదే తల్లీ నెల కిందటే! సరే, ఆవిడకి నేను చెప్పుకుంటాలే. పొద్దున రాగానే ఆ కాగితం నీ చేత్తో నువ్వే పీకెయ్. సోమవారం మొదలు." ఫోను పెట్టేసింది.

రఫ్ఫమ్మ ఫోను బల్ల మీద పెట్టింది. మాస్టారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మొదటిసారి బండిని గేటు దాటించిన శిష్యులకు ఆయన చప్పట్లు కొడతారు, అలాగే. ఆమెకు సిగ్గేసి తల దించుకుంది. కానీ నవ్వు ఆగలేదు.

ఆ ఊపులో ఇద్దరూ ఆటలో పడ్డారు. ఇంట్లో ఒక్కో వస్తువూ చూపించి మాస్టారు అడగడం, ఈమె నిజం చెప్పడం.

"హాల్లో ఆ ఆకుపచ్చ గోడ?"

"వద్దు. ఆసుపత్రిలా ఉంది."

"దేవుడా! రెండుసార్లు వేయించాను. పక్కమీద కిటికీ వైపు నువ్వు పడుకోవడం?"

"కావాలి. అది మీరు సరిగ్గానే కనిపెట్టారు."

"హమ్మయ్య. ఆదివారం నా పాత పాటల రేడియో?"

"కావాలి. సగం సౌండు చాలు."

"మరి ఈ మహాతల్లి?" అని బల్ల కిందికి వంగి పిల్లిని పైకెత్తారు. వాళ్ళమ్మాయికి పదేళ్ళప్పుడు, పిల్లిని తెచ్చుకోనా అమ్మా అని అడిగితే, రఫ్ఫమ్మ ఏమందో వేరే చెప్పాలా? ఆ సాయంత్రమే పిల్లి అట్టపెట్టెలో దిగింది. ఇప్పుడా అమ్మాయి నర్సు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళినా, పిల్లి మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

"దాన్నా? వద్దనే అన్నాను" అంది రఫ్ఫమ్మ నవ్వుతూ. "బట్టలకి బొచ్చంటుకుంటుందని నా భయం. మీరిద్దరూ సరేననుకుని తెచ్చేశారు."

"మరి ఇన్నేళ్ళూ దానికి పాలు పోసి, ఒళ్ళో పెట్టుకుని, జబ్బుచేస్తే ఏడ్చావు?"

"వచ్చాక వేరు కదండీ. ఇప్పుడు దీన్ని ఎవరైనా ఇమ్మంటే ఊరుకుంటానా?"

మాస్టారు కూడా నవ్వారు. నవ్వుతూ పిల్లి వీపు నిమిరారు. నిమురుతుండగా చెయ్యి ఆగిపోయింది. నవ్వు మొహం మీద ఉందిగానీ, దాని కింద ఏదో కదిలింది. పాత అద్దాలైతే ఆమెకు కనపడి ఉండేది కాదు.

"ఏమైందండీ?"

"ఏం లేదు." పిల్లిని కిందికి వదిలారు. బల్ల మీది గుడ్డముక్కలు సర్దారు, మళ్ళీ చెదరగొట్టారు. నిలబడే ఉన్నారు. "ఒకటి అడగనా?"

"అడగండి."

"మీ నాన్నగారింట్లో పెద్దవాళ్ళు లోపల మాట్లాడుకుంటుంటే, మనిద్దరం గేటు దగ్గర నిలబడ్డాం. గుర్తుందా? నేను అడిగాను. ఇందులో బలవంతమేమీ లేదు, నన్ను చేసుకోవడం మీకు ఇష్టమేనా అని."

బల్ల మీద రఫ్ఫమ్మ టీ చల్లబడిపోయింది.

"నువ్వు పర్లేదండీ అన్నావు" అన్నారు మాస్టారు. "చివర అండీ ఉంది. పొట్టిగా లేదు, సాగదీసీ లేదు. నేను చెప్పిన ఆ మూడింటిలోకీ అది రాలేదు. పెళ్ళైన కొత్తలో రోజూ దాన్ని తలుచుకునేవాణ్ణి. అడిగితే ఏమంటావోనని అడగలేదు. తర్వాత పిల్ల పుట్టింది, ఇల్లు, బండి, పనులు. అడగక్కర్లేదులే అనుకున్నా." ఆయన కిందికి పిల్లి వైపు చూశారు. "నేనూ ఆ పిల్లిలాగే వచ్చానా?"

ఆ రోజు ఆ మాటకు అర్థమేమిటో ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు. ఇరవై రెండేళ్ళ పిల్ల, గేటు ఊచ పట్టుకుని నిలబడి, పెద్ద ఊళ్ళో ఒక ముసలి రఫ్ఫు పనివాడి దగ్గర నాలుగేళ్ళు ఉండి పని నేర్చుకోవాలని పట్టుదలగా ఉన్న పిల్ల, ఈ పెళ్ళి వద్దని చెప్పడానికే గేటు దాకా వచ్చింది. ఎదుటి మనిషి అంత మర్యాదగా అడిగేసరికి నోరు రాక, ఆ మాట అంది. వద్దనే అంది. ఆయన సరేనన్నట్టు విన్నారు.

రఫ్ఫమ్మ తల తిప్పుకుంది. అబద్ధం చెప్పడం ఎంత తేలిక! ఇష్టమేనన్నాను అంటే చాలు, ఆ మొహం వెలిగిపోతుంది, రాత్రి భోజనానికి కూర్చుంటారు. కళ్ళద్దాలావిడ ఒక్క మాటే వద్దంది గానీ అబద్ధం వద్దనలేదు. కానీ ఈ మనిషి ఇరవై ఆరేళ్ళుగా రోజూ పొద్దున ఆమెకోసం చిన్న గిన్నెలో విడిగా టీ కాశారు. ఆమె మనసు తెలుసుకోవాలనే కాశారు. అంత కష్టపడినవాడికి ఇంకో తప్పు మాట ఇచ్చి పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. అంతకన్నా భయమేమిటంటే, సగం నిజం చెప్పి ఆగిపోతే ఆ మిగతా సగం ఆయనకు ఎప్పటికీ తెలియదు. ఆ గేటు దగ్గరి మాట తర్వాత ఎన్నడు, ఎక్కడ, ఏ చిన్న విషయం దగ్గర ఆమె మనసు మారిందో ఆయనకే కాదు, తనకు తాను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

"నిజం చెప్పు" అన్నారాయన. "ఆ మాట మాత్రం వద్దు."

రఫ్ఫమ్మ లేచింది. ఎదురుగా ఉన్న కుర్చీని ఆయన కోసం వెనక్కి లాగింది.

"ముందు మీరు కూర్చోండి" అంది. "మొత్తం చెప్తాను. మధ్యలో మాత్రం లేవకండి."